ఒంగోలు సీమలో తొలి మాదిగ క్రైస్తవులు

ఒంగోలు సీమలో మాదిగల క్రైస్తవోద్యమానికి నాంది పలికినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు దాదాపు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు అతని ఊరు. తోళ్ల వ్యాపారి, అంతకుముందు రాజయోగం సాధన చేసినవాడు. వ్యాపారం మీద తిరుగుతూ క్రైస్తవ బోధ విని, 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరికి తిరిగొచ్చాడు. 1867 జనవరిలో ఆ ఊళ్లో 28 మంది అతని దారి పట్టారు. బాప్తిస్మం ఇవ్వడానికి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ వచ్చాడు గాని, అతను వచ్చేసరికే పేరయ్య మాట వాడలో నాటుకుపోయింది. 1840 నుంచి నెల్లూరులో పాతుకుని ఉన్నా ఫలితం కనబడక, మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు పలుమార్లు తర్జనభర్జన పడ్డ మిషన్ క్లౌది.

అప్పటి పల్లెలో మాదిగలకు భూమి లేదు, కట్టుబాట్లు ఉన్నాయి. రైతులకు చెప్పులు, ఎద్దులకు పట్టెడలు, బావుల్లో నీళ్లు తోడే తోలు బానలు కుట్టాలి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలి. అమ్మవారి జాతరలో డప్పు కొట్టాలి. బదులుగా పంట నూర్చినప్పుడు కల్లంలో మేర కొలుస్తారు. ఆ గింజలే ఏడాది తిండి.

కొత్తగా చేరినవారికి బోధకులు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడ్డానికి ఇవి ఇంటి నియమాల్లాగే ఉన్నా, పల్లె పెత్తనానికి నేరుగా తగిలాయి. విగ్రహానికి మొక్కనివాడు జాతరలో డప్పు కొట్టడు. కోతల కాలంలో ఆదివారం పొలానికి రానంటే ఆసామికి ఒళ్లు మండింది.

కరణాలు, మునసబులు వాళ్లను వెలివేశారు. వాళ్ల బట్టలు చాకలి ఉతకకూడదన్నారు, కుమ్మరి కుండలు అమ్మకూడదన్నారు. ఊరి బీడులో మేస్తున్న వాళ్ల పశువుల్ని తోలేశారు. చెప్పులు, పట్టెడలు కుట్టే పని ఇవ్వడం ఆపేశారు. కోతకు పిలవలేదు, మేర కొలవలేదు. గ్రామాధికారి చేతిలో చట్టం కూడా ఉంది: 1816 నాటి మద్రాసు నిబంధన చిన్న తప్పులకు కింది కులాలవారిని కొన్ని గంటలపాటు కాళ్లు బిగించే బొండకొయ్యలో వేయించే అధికారం అతనికి ఇచ్చింది. మేర పోతే ఆకలి ఎలా ఉంటుందో తెలిసిన మనుషులు ఆదివారం పొలానికి వెళ్లకుండా ప్రార్థనకు కూర్చున్నారు. వాళ్ల విశ్వాసాన్ని కొలవాలంటే కొలత అదే. దొర అండ చూసుకునే నిలిచారన్న మాట కొంతవరకే నిజం. క్లౌ ఒంగోలులో ఉండేవాడు, పల్లె మాత్రం చాలా దూరాన ఉండేది.

ఒంగోలులోనూ చిక్కే వచ్చింది. మాదిగలు సంఘంలో చేరుతుంటే మిషన్ బడిలోని పైకులాల పిల్లలు వెళ్లిపోయారు. ఎవరిని వదులుకోవాలో తేలని ఆ రోజుల్లో తనకూ, వేరే గదిలో ఉన్న భార్యకూ బైబిలులో ఒకే చోటు తెరుచుకుందని క్లౌ చెప్పుకున్నాడు. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఏరుకున్నాడని చెప్పే భాగం. మాదిగలనే ఉంచుకున్నారు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి కోసం మతం మారారన్న నింద పడకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గుముఖం పట్టాక మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, వంతులవారీగా ఆ పని జరిపింది ఆరుగురు బోధకులు. ఆ రోజు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

కరువు తెచ్చిన జనంలో అందరి నమ్మకమూ ఒకేలా గట్టిదని చెప్పలేం. 1867లో వెలి భరించినవారి విషయంలో ఆ అనుమానానికి తావు లేదు. వాళ్లకు దక్కింది కూలి కాదు, కూలి పోవడమే. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఏర్పడ్డ ఒంగోలు సంఘంలో 1878 చివరికి సభ్యులు 12,000 దాటారు.