పుట్టిల్లు అడగని చట్టం

షోలాపూర్ తూర్పు భాగంలో, అశోక్ చౌక్, కన్నా చౌక్ చుట్టుపక్కల మరాఠీ బోర్డుల కింద తెలుగు మాటే ఎక్కువ వినిపిస్తుంది. ఒక గదిలో పవర్‌లూమ్ టకటకలు. పక్క గదిలో ఒళ్లో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్లు. 1877లో ఇక్కడ బట్టల మిల్లు వెలిశాక, ఆ కాలపు కరువులు ఊళ్లు ఖాళీ చేయిస్తుంటే, తెలంగాణ పద్మశాలీలు తరాల తరబడి ఇటు వచ్చారు. అప్పట్లో అది పరాయి ఏలుబడికి పోవడమే. నిజాం రాజ్యం దాటి బొంబాయి ప్రెసిడెన్సీలో అడుగుపెట్టాలి. నిజాం రాజ్యానికి కరోడ్‌గిరీ పేరుతో సొంత సుంకాల శాఖ కూడా ఉండేది. మూటగట్టుకుని తెచ్చుకున్న పట్టుచీర, దేవుడి పటం, తాళపత్రాల కట్ట... ఒక లెక్కన అన్నీ పైదేశపు సామానే.

అలాంటి మూటలోది ఒకటి ఇవాళ అమెరికాలోని మనవడికి పంపాలనుకుంటే 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం అడ్డొస్తుంది. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం వందేళ్లు నిండిన శిల్పం, చిత్రం, నాణెం, చేతిపని ఏదైనా పురావస్తువే. విలువైన రాతప్రతికైతే డెబ్బై అయిదేళ్లు చాలు. వీటిని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థకూ తప్ప ఎవరికీ లేదు. కాదని దాటిస్తే ఆర్నెల్లకు తగ్గకుండా, మూడేళ్ల దాకా జైలు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. చట్టం వస్తువు వయసు అడుగుతుంది, పుట్టిల్లు అడగదు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని మేలిముసుగు రెబెక్కాను చెక్కింది ఇటలీ శిల్పి బెంజోని, 1876లో. నిజాం నగల్లోని జాకబ్ వజ్రం దక్షిణాఫ్రికా గనిది. ఆ నగల అమ్మకం వ్యవహారం ఏళ్ల తరబడి నలిగి, చివరికి 1995లో కేంద్రమే సుమారు 218 కోట్లకు కొనుక్కుంది. వయసుతో పనిలేని దారి ఇంకొకటుంది. చిత్రకారుడు కన్నుమూశాక ఆయన పనిని ‘కళానిధి’గా ప్రకటించవచ్చు. అలా 1979లో రవివర్మతో పాటు ఆ జాబితాలో చేరినవాడు నికొలాయ్ రోరిక్. రష్యాలో పుట్టి, కులూ లోయలో స్థిరపడి, 1947లో అక్కడే పోయాడు. ఇక్కడున్న ఆయన హిమాలయ చిత్రాలకు ఇప్పుడు మన దేశమే ఎల్ల.

నేతగాళ్ల ఇళ్లకు ఇది దూరపు మాట కాదు. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుయంత్రాలు జర్మనీవి, వాటిని నడిపిన నిపుణులూ జర్మన్లే. అక్కడ అచ్చయిన లక్ష్మీ సరస్వతులు ఇంటింటి గోడలకూ ఎక్కారు. చెక్క ఫ్రేములో, అగరుబత్తి పొగకు పసుపెక్కిన అలాంటి పటం ఒకటి వందేళ్లు దాటి మిగిలి ఉంటే, ‘అచ్చుబొమ్మే కదా’ అని పెట్టెలో సర్దుకోవడానికి లేదు. నానమ్మ చీరదీ అదే లెక్క. కాకపోతే చీరను రిజిస్టర్ చేయించనక్కర్లేదు, దేశం దాటించకూడదు, అంతే. గుడ్డ మీద రాసిన పాత చిత్రానికైతే రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

గుడ్డ మీద చిత్రమంటే పద్మశాలీలకు ముందు గుర్తుకురావలసింది కూనపులి వాళ్ల పటం. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఆరాక నకాషీ చిత్రకారులు బొమ్మలు రాసేవారు. పొడవు ముప్పై అడుగుల పైమాటే. తెలంగాణ పల్లెల్లో కూనపులి కథకుడు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్పేవాడు. ఆ మార్కండేయుడికే షోలాపూర్‌లో శ్రావణ పౌర్ణమినాడు రథోత్సవం. పటం చిరిగి పనికిరాకుండా పోతే మర్యాదగా ఏట్లో కలపడం ఆనవాయితీ. కస్టమ్స్ గేటు దగ్గర అంత గట్టిగా నిలబడే చట్టం ఈ ఏటి ఒడ్డు సంగతి తలచినట్టు లేదు. పోనీ, కథకులకు పటం పనిముట్టు, మ్యూజియం వస్తువు కాదు. వాళ్లను తప్పుపట్టలేం.

చేర్యాలలో నకాషీలు ఈమధ్య రాసిన పటానికి గానీ, షోలాపూర్ నేతగాళ్లు జాకార్డ్ మగ్గం మీద బొమ్మలతో నేసే గోడ తెరకు గానీ ఈ గొడవ లేదు. చూడ్డానికి పాతదిలా ఉంటే మాత్రం ‘ఇది పురావస్తువు కాదు’ అనే ధ్రువపత్రం పురావస్తు శాఖ నుంచి ముందే తీసుకోవడం మంచిది. వాదన వస్తే తేల్చేది ఆ శాఖ డైరెక్టర్ జనరల్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి.