గడువులోగా వెళ్లిపో

ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా బోధన్‌కు బతకడానికి వచ్చేవాళ్లే గానీ పోయేవాళ్లు తక్కువ. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోస్తా రైతులు కాలువల కింద భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరేవి.

ఆ తర్వాత నిజాంసాగర్ సగానికి పైగా పూడిపోయింది. కాలువ చివరి భూములకు నీళ్లందక రైతులు బోర్లు వేశారు, బోర్లు అప్పులు తెచ్చాయి. అటు 1973లో చమురు ధర ఎగబాకి గల్ఫ్ దేశాలకు కూలీల అవసరం పడింది. ముంబై ఏజెంట్ల దాకా వెళ్లి నిజామాబాద్ జిల్లా యువకులు విమానమెక్కారు. ఏ దేశం పోయినా ఊళ్లో మాత్రం 'దుబాయి పోయిండు' అనే అనేవాళ్లు.

పోవడం అప్పుతోనే, ఉండడం కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దయతోనే. పాస్‌పోర్టు చాలాసార్లు అతని దగ్గరే ఉంటుంది. అకామా, అంటే నివాస అనుమతి, రెన్యువల్ చేయించాల్సిందీ అతనే. చేయించకపోతే శిక్ష కూలీకి. జీతం రాక కంపెనీ క్యాంపు వదిలి వేరేచోట పనికి కుదిరితే 'పారిపోయాడు' అని ఫిర్యాదు పడుతుంది. అక్కడి నుంచి అతను ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని మనిషి. ఆజాద్ వీసా మీద వెళ్లినవాడి కథ ఇంకోటి: కాగితం మీదున్న కఫీల్‌కు నెలనెలా డబ్బు కట్టి, పని బయటెక్కడో చేసుకుంటాడు. ఇద్దరూ వీసా ముద్ర వేయించుకుని విమానాశ్రయం గుండానే దిగినవాళ్లు. వాళ్లను అక్రమ వలసదారులని పిలవడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

కాలం బాగున్నంత వరకు ఈ లొసుగుల జోలికి ఎవరూ పోరు. తక్కువ కూలికి దొరికే మనిషి అందరికీ కావాలి. సొంత యువతకు ఉద్యోగాలు లేనప్పుడే చట్టం గుర్తొస్తుంది. ఇది అరబ్బులు కనిపెట్టిన పద్ధతేం కాదు. 1930ల మాంద్యంలో అమెరికా మెక్సికన్లను రైళ్లలో సరిహద్దు దాటించింది. అదే మాంద్యంలో మలయా రబ్బరు తోటల నుంచి తమిళులతో పాటు తెలుగు కూలీలూ ఓడలెక్కి తిరిగొచ్చారు.

1990లో కువైట్ నుంచి లక్షా 70 వేల మంది భారతీయులు తిరిగొచ్చారు గానీ అది యుద్ధం తరిమిన తరుము. ప్రభుత్వం గడువు పెట్టి మరీ పంపడం 1996లో యూఏఈలో పెద్దఎత్తున కనిపించింది. దాదాపు 2 లక్షల మంది దేశం వదిలారు. గడువు పెట్టి వెళ్లగొట్టడానికి పెట్టుకున్న పేరు ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష. తప్పెవరిదో, క్షమించేదెవరో!

అన్నిటికన్నా గట్టి దెబ్బ సౌదీలో తగిలింది. 2011లో 'నితాఖత్' తెచ్చి, సౌదీ పౌరులకు ఇచ్చిన ఉద్యోగాల లెక్కన కంపెనీలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేశారు. ఎరుపు పడితే వీసాలు బంద్. 2013లో సొంత కఫీల్ దగ్గర తప్ప పని చేయకూడదని చట్టం బిగించారు. ఆజాద్ వీసాలన్నీ ఒక్క దెబ్బకు నేరాలయ్యాయి. జూలై 3 నాటి గడువును నవంబర్ దాకా పొడిగించారు. రియాద్, జెడ్డాల్లో దేశం వదలడానికిచ్చే ఔట్‌పాస్ కోసం ఎండలో వరుసలు కట్టారు. అది చేతికొచ్చాక తర్హీల్ అనే డిపోర్టేషన్ కేంద్రంలో వేలిముద్రలు వేసి టికెట్ చూసుకోవాలి. దొరికినవాళ్లకు అదే తర్హీల్ జైలు.

ఊపిరి తీసుకునేలోపే చమురు కూలింది. 2014 నడిమికి పీపా వంద డాలర్లు దాటి ఉన్నది 2016 జనవరికి 30 లోపుకు పడింది. సౌదీ ఓజర్ లాంటి నిర్మాణ కంపెనీలు నెలల తరబడి జీతాలు ఆపేశాయి. ఆ వేసవిలో క్యాంపుల్లో భారతీయ కార్మికులు తిండికి అల్లాడుతుంటే అప్పటి కేంద్ర మంత్రి వి.కె. సింగ్ జెడ్డా వెళ్లాల్సి వచ్చింది. 2017లో సౌదీలో మళ్లీ 90 రోజుల ఆమ్నెస్టీ, 2018లో కువైట్‌ది, యూఏఈది. 2020లో కరోనా.

తిరిగొచ్చినవాడికి ఇక్కడ ఏముంది? 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిన బోధన్ ఫ్యాక్టరీ సరిగ్గా 2015 డిసెంబర్‌లో మూతపడింది. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టుకుంది, తిరిగొచ్చినవాళ్లకు సబ్సిడీ రుణాలిచ్చే పథకమూ తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల పరిహారం ప్రకటించింది. మంచిదే. కానీ ప్రాణాలతో దిగినవాడికి ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు మీద మిత్తి నడుస్తూనే ఉంటుంది. అది తీర్చడానికి మళ్లీ పాస్‌పోర్టు తీస్తాడు. సౌదీ కాకపోతే ఇరాక్.