మిషను ఇంటి పాత ఫోటోలు

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన అధ్యక్ష మండల చరిత్రను గూర్చి పెద్దలు అనేకులు వ్రాయుచున్నారు. మేము వ్రాయబోవునది చిన్న సంగతి. కొల్లేటి ఒడ్డున మా సంఘమునకు ఒక పాత ఇల్లు కలదు. అందరును దానిని 'దొరగారి బంగళా' అందురు. ఆ ఇంటి పాత ఫోటోల కొరకు మేము వెదకిన విధమును, అందువలన నేర్చుకొనిన పాఠమును ఇచ్చట విన్నవించుచున్నాము.

ఉత్సవముల నిమిత్తము బంగళాకు సున్నము వేయించి, వరండా గోడకు ఒక చలువరాతి పలక పెట్టవలెనని సంఘ కమిటీ తీర్మానించెను. పలక మీద ఏమి చెక్కించవలెనను ప్రశ్న వచ్చినది. మొదటి మిషనెరీల కాలములోనే ఒక దొరగారు ఈ ఇల్లు కట్టించిరని మా ముందున్న గురువులు చెప్పగా విని, మేమును ఎన్నో ఏండ్లు ప్రసంగ వేదిక మీద నుండి అట్లే చెప్పితిమి. ఆధారమేమని ఎవరును అడుగలేదు, మేమును వెదకలేదు. రాతి మీద చెక్కవలసి వచ్చుసరికి మాకు భయము కలిగినది. నోటిమాట తప్పయితే మరుసటి ఆదివారము దిద్దుకొనవచ్చును. రాయి తప్పయితే మనుమల కాలము వరకు నిలుచును.

కనుక వెదకుట ప్రారంభించితిమి. పాత ఇంటి ఫోటో కావలెననువారు మొట్టమొదట ఆ ఇల్లు ఏ మిషనుదో తెలిసికొనవలెను. మన ప్రాంతములో మూడు మిషనులు ముఖ్యమైనవి. బౌడెన్, బీర్ అను బ్రదరన్ సేవకులు 1836లో ఇండియాకు వచ్చి నరసాపురము వైపు పనిచేసిరి. చర్చి మిషనరీ సొసైటీ పంపిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు 1841లో బందరు చేరిరి. నోబుల్ గారి పాఠశాల 1843లో ఆరంభమైనది, ఆ మిషను 1854లో ఏలూరుకు వచ్చినది. 1842లో హేయర్ గారు గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ పని పిమ్మట గోదావరి ప్రాంతమునకును వ్యాపించినది. ఏ మిషను కాగితములు ఆ మిషను దేశమునకే చేరినవి. చర్చి మిషనరీ సొసైటీ దస్తావేజులు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములోను, బ్రదరన్ వారివి మాంచెస్టరులోని జాన్ రైలండ్స్ గ్రంథాలయములోను ఉన్నవి. లూథరన్ వారివి అమెరికాలో వెదకవలెను. బెంగుళూరులోని యునైటెడ్ వేదాంత కళాశాలలో కూడ మిషను దస్తావేజుల భాండాగారము కలదు. ఇప్పుడు పలు మిషనుల పాత ఫోటోలను ఇంటర్నెట్టులోనే చూడవచ్చును.

అయితే ఊరి పేరు ఇప్పుడు వ్రాయునట్లు వ్రాసి వెదకిన దొరకదు. ఆ కాగితములలో ఏలూరు 'ఎల్లోర్', విజయవాడ 'బెజవాడ', బందరు 'మసూలిపటామ్', కొల్లేరు 'కొలైర్'. ఎల్లోర్ అని వెదకిన ఒక్కొక్కసారి ఎల్లోరా గుహలు ఎదురగును! జిల్లాలును మారినవి. ఏలూరు 1859 తరువాత గోదావరి జిల్లాలోను, 1904 నుండి కృష్ణా జిల్లాలోను, 1925 నుండి పశ్చిమ గోదావరి జిల్లాలోను ఉండి, 2022లో తన పేరిటనే జిల్లా అయినది. కొల్లేటికోట, కైకలూరు వైపు గ్రామములు 2022 వరకు కృష్ణాలోనే ఉండెను. ఒక్క ఊరి కొరకు నాలుగు పేర్ల క్రింద వెదకవలసి యుండును.

మరియొక జాగ్రత్త అవసరము. 1841లో ఆరంభమైన 'చర్చి మిషనరీ గ్లీనర్' వంటి పత్రికలలో తొలినాళ్ళ బొమ్మలు ఫోటోలు కావు, చెక్క మీద చెక్కి అచ్చువేసినవి. ఇంగ్లండులో కూర్చుండి చెక్కిన పనివాడు మన తాడిచెట్టును ఎన్నడును చూచి యుండకపోవచ్చును. అట్టి బొమ్మలోని కప్పును, స్తంభములను పూర్తిగా నమ్మరాదు.

ఇంత వెదకినను మా ఇంటి ఫోటో పరదేశములో మాకు దొరకలేదు. ఇక్కడ దొరకునా అనిన, కొల్లేటి సీమలో కాగితము నిలుచుట కష్టము. ఊరిలోనికి నీరు వచ్చినప్పుడు జనులు మొదట పిల్లలను, తరువాత గింజలను మెరకకు చేర్చుదురు గాని ఫోటోలను ఎవరు తలంతురు? మిగిలినదానిని చెమ్మ, చెదలు, రామబాణపు పురుగు తినివేయును.

ఒక ఆదివారము ఆరాధన అయిన పిమ్మట, "మన బంగళా పాత ఫోటో ఎవరి యింటనైన కలదా?" అని అడిగితిమి. ఒక్క చేయి లేవలేదు. మరుసటి ఆదివారము ప్రశ్న మార్చితిమి. "బంగళా ముందర దిగిన పెండ్లి ఫోటో గాని, కన్ఫర్మేషన్ ఫోటో గాని, క్రిస్మసు ఫోటో గాని కలదా?" అంటిమి. నెల తిరుగకముందే పదకొండు ఫోటోలు వచ్చినవి! ఇంటి కొరకు ఎవరును ఫోటో తీయించుకొనలేదు, మనుష్యుల వెనుక ఇల్లు పడినది. వెదకువారికి ఇది మంచి ఉపాయము.

వాటిలో మిక్కిలి పాతది కొల్లేటికోటలో ఒక మామ్మగారి యింటి నుండి వచ్చినది. ఆమె దానిని తెల్లగుడ్డలో చుట్టి, ఇనుప పెట్టె అడుగున తల్లిదండ్రుల పెండ్లి కాగితముతో దాచుకొనెను. అట్ట అంచులు పురుగు తినినవి, బొమ్మ మాత్రము నిలిచినది. ఇంటి గోడలు లేచియున్నవి, కప్పు సగమే పడినది, వెదురు పరంజా ఇంకను కట్టియే ఉన్నది. నడుమ కుర్చీలో దొరగారు. ఆయన వెనుకను, ప్రక్కలను పదునలుగురు మన మనుష్యులు నిలువబడి యున్నారు.

మామ్మగారు తలపాగా చుట్టిన ఒకరి మీద వ్రేలు పెట్టి, "ఈయన మా తాత, అయ్యగారూ. ఈ ఇంటికి ఇటుకంతా దోనెల మీద తెచ్చింది ఈయన, ఈయన తమ్ముడూను. కట్టినోళ్ళే గానీ ఆ వరండా మీద కూర్చున్నోళ్ళు కారు" అనెను. కోపముతో అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్లు చెప్పి, గుడ్డ మడత పెట్టుకొనెను. మాకు మాత్రము కొంతసేపు మాట రాలేదు. ఆ వరండా మీద కుర్చీ వేసికొని మేము ఎన్ని సాయంకాలములు కూర్చుంటిమో జ్ఞాపకము వచ్చినది.

ఇంటికి వచ్చి కప్పు నుండి ఒక పెంకు దింపి చూచితిమి. అది మంగుళూరు పెంకు. బాసెల్ మిషను వారు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టినది 1865లో. ఫోటోలో ఆ పెంకులే ఎక్కించుచున్నారు. మామ్మగారి తాత అందులో మీసము వచ్చిన యువకుడు. కావున ఆ ఇల్లు మొదటి మిషనెరీల నాటిది కాదు. చాల తరువాతది, బహుశః 1912లో అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా, అభిషేకము పొందిన కాలమునకు అటు ఇటు కట్టినది. మేము ప్రసంగ వేదిక మీద చెప్పినది తప్పు. ఆ మాట సంఘము ఎదుట ఒప్పుకొంటిమి.

దొరగారు ధనము సమకూర్చి యుందురు, దూరదేశము నుండి వచ్చి శ్రమపడిరి. ఆ కృతజ్ఞతను మేము తీసివేయము. కాని మిషను ఫోటోల క్రింద దొరగారి పేరు, దొరసానిగారి పేరు మాత్రమే వ్రాసి, తక్కినవారిని 'ఉపదేశి', 'పనివారు' అని విడిచిపెట్టుట తరచుగా కనబడును. ఆ ఉపదేశికిని, ఆ పనివారికిని తల్లిదండ్రులు పెట్టిన పేర్లు ఉండెను. పెద్దలను కూర్చుండబెట్టి అడుగగా, పదునలుగురిలో తొమ్మిదిమంది పేర్లు తెలిసినవి. అయిదుగురివి తెలియలేదు. వారిని ఎరిగినవారు పదియేండ్ల క్రిందటి వరకు మన మధ్యనే ఉండిరట! అప్పుడు మేము అడుగలేదు.

పలక మీద ఇప్పుడు దొరగారి ప్రస్తావనతోపాటు ఆ తొమ్మిది పేర్లును ఉన్నవి. అయిదుగురి కొరకు క్రింద ఖాళీ విడిచితిమి. ప్రతిష్ఠ దినమున మామ్మగారిని తీసికొనివచ్చి, వరండా మీద నడిమి కుర్చీలో కూర్చుండబెట్టితిమి.

ప్రియులారా, మీ యిండ్లలోని పెట్టెలు ఈ వారమే తెరువుడి. ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాయుడి, ఇంకు వద్దు. ప్లాస్టిక్కులో అతికించవద్దు. నీడపట్టున ఉంచి సెల్‌ఫోనుతో నకలు తీసి సంఘమునకు ఇచ్చి, అసలు ఫోటో మీ యొద్దనే ఉంచుకొనుడి. అన్నిటికంటె ముందుగా ఇంటిలోని ముసలివారి ప్రక్కన కూర్చుండి, "ఈయన ఎవరు?" అని అడుగుడి.

యొర్దాను దాటిన పిమ్మట యెహోషువ పండ్రెండు రాళ్ళు నిలిపించినది, ఇవి ఏమిటని పిల్లలు అడిగినప్పుడు పెద్దలు చెప్పుటకే గదా. మన రాళ్ళను గూర్చి పిల్లలు అడుగునప్పుడు నిజము చెప్పగలుగు కృపను దేవుడు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.