537 ఓట్లు, ఒక వాదా

2000 అక్టోబర్ 11 రాత్రి టీవీ డిబేట్‌లో జార్జ్ బుష్, రహస్య సాక్ష్యం పేరుతో అరబ్ అమెరికన్లకు అన్యాయం జరుగుతోందన్నాడు. నిందితుడికీ వకీలుకీ చూపించని సుబూత్‌తో పరదేశీని జైల్లో ఉంచే పద్ధతి అది. 1996లో క్లింటన్ సంతకంతో దానికి కానూనీ బలమొచ్చింది.

పన్నెండు రోజులకు నాలుగు బడా ముస్లిం తంజీములు బుష్‌కు హిమాయత్ ప్రకటించాయి. (నల్లజాతి ముస్లింలు ఎక్కువగా గోర్ వైపే నిలిచారు. వాళ్ల తజ్రుబా వేరు.) ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్లతో.

ఆ వాదా గురించి వైట్‌హౌస్‌లో ముస్లిం పెద్దలతో ములాఖాత్ ఖరారైంది. తారీఖు 2001 సెప్టెంబర్ 11, మధ్యాహ్నం.

జరగలేదు.

ఆరు రోజులకు బుష్ వాషింగ్టన్ మసీదుకెళ్లి, ఇస్లాం అంటే అమన్ అన్నాడు. అక్టోబర్ 26న పేట్రియాట్ యాక్ట్‌పై సంతకం పెట్టాడు. మరుసటి ఏడు వీసా మీదున్న మగవాళ్లు వేలిముద్రలివ్వాలని హుకుం. ఫెహరిస్తులో దాదాపు అన్నీ ముస్లిం దేశాలే. ఇండియా లేదు కాబట్టి మన హైదరాబాదీలు ఆ వరసలో నిలబడలేదు.