ఏ ఆటకు ఏ బంతి?

కెనడావాళ్లకు ఫైవ్‌పిన్ బౌలింగ్ అని ఒక ఆట ఉంది. దాని బంతి చిన్నది. వేళ్లు దూర్చే రంధ్రాలుండవు, ఒక్క చేతిలో ఇమిడిపోతుంది. 1950ల మొదట్లో అలాంటి బంతి ఒకటి బౌలింగ్ ఆడేచోటు వదిలి రాడార్ తెర ముందుకొచ్చింది. తెచ్చినవాళ్లు ఫెరాంటి కెనడా కంపెనీ ఇంజినీర్లు టామ్ క్రాన్‌స్టన్, ఫ్రెడ్ లాంగ్‌స్టాఫ్, కెన్యన్ టేలర్. కెనడా నావికాదళం కోసం వాళ్లు కడుతున్న వ్యవస్థ పేరు డేటార్. ఒక ఓడ రాడార్‌కు చిక్కిన సంగతి మిగతా ఓడలన్నిటికీ చేరవేయడం దాని పని. తెర మీది గుర్తును శత్రువు చుక్క దగ్గరికి నడపడానికి ఏదో ఒక సాధనం కావాలి కదా, అదే ఈ బంతి. 1953లో అంటారియో సరస్సు మీద వ్యవస్థను పరీక్షించారు. సైనిక రహస్యం కాబట్టి బంతికి పేటెంట్ తీసుకోలేదు. అంతకుముందే, 1946లో, బ్రిటిష్ నావికాదళం కోసం రాల్ఫ్ బెంజమిన్ ఇలాంటి ఉపాయమే కనిపెట్టారు. అదీ ఏళ్ల తరబడి రహస్యంగానే ఉండిపోయింది.

ఇవాళ ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్ (వీడియో గేమ్ పార్లర్లలో ఉండే ఆటపెట్టె) కట్టుకునేవాళ్లను తికమకపెట్టే ట్రాక్‌బాల్ ఇదే. ఎంత సైజు, ఎంత బరువు, ఏ కంపెనీ అని తలలు పట్టుకుంటారు. నన్నడిగితే అమ్మకపు పేజీల్లోని అంకెల కన్నా పాత ఆటల చరిత్ర చదవడం మేలు. ఏది ఎంచుకోవాలన్న ఈ తర్జనభర్జనలన్నీ ఆ ఆటలు చేసినవాళ్లు ముందే పడ్డారు.

ట్రాక్‌బాల్ చూడనివాళ్లు ఒకప్పుడు మన ఆఫీసుల్లో ఉండే బంతి మౌస్‌ను వెల్లకిలా తిప్పి ఊహించుకోండి. బంతి కింద మూడుచోట్ల ఆనుతుంది. ఒకదానికొకటి అడ్డంగా రెండు రోలర్లు, ఊతగా ఒక బేరింగ్. రోలర్ చివర చీలికలున్న చక్రం ఉంటుంది. అది తిరుగుతుంటే చీలికల గుండా వెలుగు పడుతూ ఆగుతూ ఉంటుంది, సెన్సర్లు ఆ మెరుపులను లెక్కపెడతాయి. ఒక్కో చక్రానికి రెండు సెన్సర్లు, కాస్త ఎడంగా. ఏది ముందు మెరిసిందన్నదాన్ని బట్టి బంతి ఎటు తిరిగిందో తెలుస్తుంది. మామూలు ఆర్కేడ్ జాయ్‌స్టిక్ ఎటు వెళ్లాలో మాత్రమే చెబుతుంది. బంతి ఎంత వేగంగా వెళ్లాలో కూడా చెబుతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఆ తేడాను జనం అరచేతులతో తెలుసుకున్నది 1978లో, అటారీ కంపెనీ ఫుట్‌బాల్ వీడియో ఆట దగ్గర. అమెరికా ఫుట్‌బాల్ అది. నలుపు తెలుపు తెర మీద ఆటగాళ్లు ఉత్త ఎక్స్‌లు, ఓలు. బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి నాలుగున్నర అంగుళాల బంతిని శక్తికొద్దీ తిప్పాలి. ఎంత జోరుగా తిప్పితే తెర మీది మనిషి అంత జోరుగా పరిగెడతాడు. అరచేతులు బొబ్బలెక్కేవి, బంతికీ పలకకూ మధ్య చర్మం నలిగేది. కొందరు చేతి తొడుగులు వేసుకుని మరీ ఆడారు.

1980లో డేవ్ థ్యూరర్ చేసిన మిసైల్ కమాండ్ కథ వేరు. పైనుంచి అణుక్షిపణులు రాలుతుంటే కింద ఆరు నగరాలను కాపాడాలి. మూడు స్థావరాలకు మూడు బటన్లు, గురిచూడడానికి బంతి. ఇక్కడ చేవ కన్నా కచ్చితత్వం ముఖ్యం. గురి తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క విసురుతో వెళ్లి ఠక్కున ఆగాలి. ఓడిపోతే తెర మీద వచ్చేది గేమ్ ఓవర్ కాదు, ది ఎండ్. ఈ ఆట చేస్తున్న రోజుల్లో థ్యూరర్‌కు అణుబాంబుల పీడకలలు వచ్చేవట. ఇంటి టీవీకి తగిలించే అటారీ 2600 పెట్టెకు దీన్ని తెచ్చినప్పుడు జాయ్‌స్టిక్ ఇచ్చి, మూడు స్థావరాలను ఒక్కటికి కుదించారు. బంతి లేకపోతే ఆటనే మార్చుకోవాల్సి వచ్చిందన్నమాట.

మరుసటి ఏడాది డోనా బెయిలీ, ఎడ్ లాగ్ చేసిన సెంటిపీడ్ వచ్చింది. పుట్టగొడుగుల మధ్య దిగివచ్చే శతపాదిని కాల్చాలి, దానికి వేళ్ల కొసలతో చేసే చిన్న కదలికలు చాలు. పూర్తిగా ఎదురుగట్టున ఉన్నది 1989 నాటి గోల్డెన్ టీ గోల్ఫ్. అమెరికా బార్లలో స్థిరపడిపోయిన ఆట. బంతిని వెనక్కి లాగి ముందుకు బలంగా కొట్టాలి. దీన్ని ఆడే క్యాబినెట్‌కు బంతి ముందు జాగా వదలాలి, లేకపోతే వేళ్లు వెళ్లి జాయ్‌స్టిక్‌కో తెర అద్దానికో తగులుతాయి.

కాబట్టి మొదటి ప్రశ్న, ఇంట్లో ఏం ఆడతారు? దొరికే సైజులు ముఖ్యంగా మూడు. నాలుగున్నర అంగుళాలది ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లకు, అది చెక్కలో చాలా చోటు తింటుంది. రెండుంపావు అంగుళాలది సెంటిపీడ్‌కు ముచ్చటగా ఉంటుంది. అది పూల్ ఆటలో వాడే బంతి సైజే కాబట్టి, పాతది గీతలు పడితే పూల్ బంతి వేసుకునేవాళ్లున్నారు. కానీ గోల్ఫ్ దెబ్బకు అది తేలికనిపిస్తుంది. అన్నీ కాస్త కాస్త ఆడే ఇంటికి మూడు అంగుళాలదే సరి. హ్యాప్ కంపెనీ బంతి ఆర్కేడ్‌లలో దెబ్బలు తిని నిలిచిన రకం. అల్టిమార్క్ కంపెనీ యూ-ట్రాక్‌కు పైన లోహపు పలక అక్కర్లేదు, కాబట్టి ప్యానెల్ శుభ్రంగా కనిపిస్తుంది. లోపల రంగు దీపాలు వెలిగే బంతులూ ఉన్నాయి. ఆడేటప్పుడు దాని మీద అరచెయ్యే ఉంటుంది, ఆ వెలుగు చూసేది పక్కన నిలబడ్డవాడు.

దీపాలకు పెట్టే డబ్బు బేరింగుల మీద పెట్టడం మంచిది. కొత్త బేరింగుల్లో కూరిన గ్రీజు వల్ల బంతి బద్ధకంగా తిరుగుతుంది. అనుభవజ్ఞులు ఆ గ్రీజు కడిగేసి పల్చటి నూనె చుక్క వేస్తారు. విసిరి వదిలేశాక బంతి దానంతటదే ఎంతసేపు తిరుగుతుందో చూడండి. గోల్ఫ్‌కు ఆ ఊపు కావాలి, మిసైల్ కమాండ్‌కు మరీ ఎక్కువైతే గురి దాటిపోతుంది. రోలర్ల మీద పేరుకునే నల్లటి పట్టీ పాత మౌస్ వాడినవాళ్లకు కొత్త కాదు, గోరుతో గీకినా పోతుంది.

ఇప్పటి బంతుల్లో చాలావాటికి యూఎస్‌బీ తీగ ఉంటుంది, కంప్యూటర్ దాన్ని మౌస్ అనుకుంటుంది. పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో ఆడించే మేమ్ అనే ప్రోగ్రాంను 1997లో నికోలా సాల్మోరియా విడుదల చేశారు. అందులో ఒక్కో ఆటకు వేరుగా సున్నితత్వం సెట్ చేసుకోవచ్చు. గట్టిగా కొట్టిన బంతి తెర మీద వెనక్కి పోతే భయపడొద్దు. చక్రం తిరిగే వేగం లెక్కపెట్టే వేగాన్ని దాటినప్పుడు అలా జరుగుతుంది, సున్నితత్వం తగ్గిస్తే చాలాసార్లు కుదురుకుంటుంది.

1984 నాటి గోళీల ఆట మార్బుల్ మ్యాడ్‌నెస్ ఇద్దరు కలిసి ఆడాలంటే మాత్రం రెండు బంతులు కావాలి. ఆట చేసిన మార్క్ సెర్నీ మోటారు బిగించిన బంతులు పెట్టాలనుకున్నారు, అది కుదరలేదు. ఇంట్లో రెండు బంతులు బిగించాక మేమ్‌లో మల్టీమౌస్ ఆప్షన్ ఆన్ చేయడం మరవకండి. మరిస్తే కంప్యూటర్ రెండింటినీ ఒకే మౌస్‌గా లెక్కేస్తుంది. ఇద్దరూ చెమటలు కక్కుతూ ఒకే గోళీని తోస్తుంటారు, రెండో గోళీ ఉన్నచోటు నుంచి కదలదు.