వాక్యం ఫోనులోకి వచ్చిన దారి

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో లైఫ్ చర్చ్ అనే సంఘం 2007లో ఒక వెబ్‌సైటు పెట్టింది. పేరు యూవర్షన్. బైబిల్లో నచ్చిన వచనం పక్కన ఎవరికి వారు ఫొటోలు, వీడియోలు, తమ తలపులు చేర్చుకోవచ్చు. అవి అందరూ చూడొచ్చు. ఆలోచన మంచిదే. కానీ జనం రాలేదు. వచ్చిన కొద్దిమందీ నిలవలేదు. ఇక మూసేద్దామా అన్నంత వరకూ వెళ్లింది.

దాన్ని తలకెత్తుకున్న బాబీ గ్రూనెవాల్డ్ ఆ సంఘంలో పాస్టరు. అంతకు ముందు ఇంటర్నెట్ వ్యాపారాలు నడిపిన అనుభవం ఉంది. 2006లో షికాగో ఓహేర్ విమానాశ్రయంలో తనిఖీ వరసలో నిలబడి ఉండగా ఈ ఊహ తట్టిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు. రోజూ బైబిలు చదవాలని ఉన్నా చదవలేకపోతున్న తనలాంటి వాళ్లకు ఈ కాలపు సాధనం ఏదైనా సాయపడుతుందా అన్నది ఆయన ప్రశ్న. నన్ను ఆకట్టుకునేది ఇక్కడే. ప్రశ్న పుట్టింది వరసలో నిలబడిన మనిషికి. జవాబు మాత్రం బల్ల ముందు, కంప్యూటరు ఎదుట కూర్చున్న మనిషి కోసం తయారైంది. కుర్చీ వేసుకుని కూర్చోగలిగే తీరికే ఉంటే అచ్చు బైబిలు తీసి చదువుకునేవాడు కదా!

మూసేసే ముందు చివరి ప్రయత్నంగా ఆ సైటునే బ్లాక్‌బెర్రీ ఫోనులో తెరుచుకునేలా మార్చి చూశారు. అప్పుడు తేడా ముందుగా తెలిసింది తయారుచేసినవాళ్లకే. జేబులో ఉన్నది కాబట్టి వాళ్లే మునుపటికంటే ఎక్కువ చదవసాగారు. అదే సమయానికి యాపిల్ తన యాప్ స్టోర్ ప్రకటించింది. 2008 జులైలో ఆ అంగడి తెరిచిన రోజున అందులో ఉన్నవి సుమారు 500 యాప్‌లు. వాటిలో యూవర్షన్ బైబిలు ఒకటి, అదీ ఉచితంగా. మొదటి మూడు రోజుల్లో 83,000 మంది దించుకున్నారు. 2021 నవంబరుకల్లా ఆ లెక్క 50 కోట్లు దాటింది. వచనాలు మారలేదు, నడిపే మనుషులూ మారలేదు. మారిందల్లా అది చేరిన చోటు.

మన తెలుగు సంఘాలకు ఈ దారి ఇంత నున్నగా లేదు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు తెరిస్తే కనబడేవి ఖాళీ డబ్బాలే. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చి చూపే ఏర్పాటు వాటిలో లేదు. ఒపేరా మినీ బ్రౌజరులో లోపలెక్కడో ఉన్న ఒక సెట్టింగు మార్చుకుంటే అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. అది తెలిసిన కుర్రాడు ఉంటే వాడి చుట్టూ ఫోన్లు పట్టుకుని నలుగురు చేరేవారు. అసలే చదువు రాని పెద్దవాళ్లకు అక్షరం కనబడినా ఒకటే, లేకున్నా ఒకటే. వాళ్లకు పనికొచ్చింది మెమొరీ కార్డు. సెల్ షాపులో కొంత డబ్బిచ్చి క్రైస్తవ పాటలు, ప్రసంగాలు ఎక్కించుకుంటే చిన్న బటన్ ఫోనులో నెట్టు లేకుండా, పొలం గట్టున కూడా పాడేది. జియో వచ్చిన 2016 దాకా డేటా ఖరీదైన సరుకు. ఆ రోజుల్లో ఏ సంఘమైనా ‘మా యాప్ దించుకోండి’ అనడం కంటే ఆ కార్డు నింపి ఇవ్వడమే మేలైన సేవ అని నా గట్టి నమ్మకం.

సరైన సాధనం కొత్తదే కానక్కర్లేదని 2020 మరోసారి చూపింది. కరోనాతో ఇంగ్లాండులో గుళ్ల తలుపులు మూతపడ్డాయి. ఆరాధనలు ఫేస్‌బుక్‌కూ జూమ్‌కూ మారాయి. మరి ఇంటర్నెట్ లేని వృద్ధుల మాటేమిటి? అసలు ఒంటరితనం ఎక్కువగా కమ్ముకున్నది వాళ్లనే. సర్రే ప్రాంతంలోని క్లేగేట్ అనే ఊళ్లో హోలీ ట్రినిటీ సంఘం తరఫున పెద్దవయసువారి మధ్య పనిచేసే పిపా క్రేమర్ వాళ్ల కోసం ఫోను ద్వారా కీర్తనలు వినిపించే ఏర్పాటు చేసింది. అది పెరిగి, చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ అండతో 2020 ఏప్రిల్ 26న ‘డైలీ హోప్’ అయింది. పైసా ఖర్చులేని నంబరు. రాత్రయినా పగలయినా నొక్కితే పాట, ప్రార్థన, వాక్యం, పూర్తి ఆరాధన. మొదటి 48 గంటల్లో 6,000కు పైగా కాల్స్ వచ్చాయి. పాస్‌వర్డు లేదు, అప్‌డేటు లేదు, మనవడిని పిలిచి అడగాల్సిన పని లేదు.

ఫోనులో ఆరాధన వినడం లండనుకు పాత సంగతే. 1895లో అక్కడ ఎలక్ట్రోఫోన్ అనే సేవ మొదలై, నాటకశాలల నుంచీ గుళ్ల నుంచీ తీగల మీద ధ్వనిని ఇళ్లకు చేర్చింది. గుళ్లో మైకులు బైబిలు ఆకారంలో అమర్చేవారట. అయితే చందా కట్టగలిగిన ఇళ్లకే ఆ భాగ్యం. రేడియో వచ్చాక 1925లో అది ఆగిపోయింది. డైలీ హోప్ ఆ చందాను తీసేసింది, అంతే. కానీ ఆ ‘అంతే’ ఎంతమంది ఒంటరివాళ్ల గదుల్లోకి మనిషి గొంతును తీసుకెళ్లిందో!

ఇవాళ మన సంఘాల్లో పాస్టరుగారూ యూత్ పిల్లలూ కూర్చుని ‘మనకూ ఒక యాప్ చేయిద్దామా’ అనుకుంటున్నారు. చేయించే ముందు ఒక ఆదివారం కూడికకు వచ్చినవారి చేతుల్లో ఏ ఫోన్లున్నాయో చూడండి. మంచం మీదున్న సభ్యుల ఇళ్లకు వెళ్లి కూడా చూడండి. చాలాచోట్ల వాట్సాప్ ఒక్కటే సరిపోతుంది. దానిలోనూ ఎంపిక ఉంది. మామూలు గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. ఒక ఆడబిడ్డ తన కాపురం గురించో జబ్బు గురించో పెట్టిన ప్రార్థన మనవి క్షణంలో ఊరు దాటుతుంది. పాస్టరుగారు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో వాక్యం పంపితే జవాబు ఆయనొక్కరికే వస్తుంది. అయితే ఆయన నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే ఆ వాక్యం చేరుతుంది. కాబట్టి మందిరం గుమ్మం దగ్గర ఒకరు నిలబడి, పెద్దవాళ్ల ఫోన్లు తీసుకుని ఆ నంబరు ఎక్కించి ఇవ్వాలి. బటన్ ఫోనున్న అవ్వకు మాత్రం శనివారం సాయంత్రం ఎవరో ఒకరు ఫోను చేసి ఒక కీర్తన చదివి వినిపించాలి.