పొరుగువాని విశ్వాసము – ఎవరి నోట వినవలెను?

మన డయోసీసును నూరు సంవత్సరములు నడిపించిన దేవునికి స్తోత్రములు చెల్లించుచు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. నూరేండ్ల చరిత్ర అనగానే కట్టిన గుడులు, నడిపిన బడులు, ఆసుపత్రులు, సేవచేసిన గురువుల పేర్లు మనకు జ్ఞాపకము వచ్చును. అవి చెప్పవలసినవే. కాని ఈ గోదావరి గడ్డమీద మన ప్రక్క ఇండ్లలో నివసించు అన్య మతస్థులను మనము ఎట్లు తెలిసికొంటిమి, వారు మనలను ఎట్లు తెలిసికొనిరి అనునది కూడ ఆ చరిత్రలో ఒక అధ్యాయమే. దానిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

మొదట మన సంగతే చూతము. ఆదిమ సంఘమును గూర్చి రోమా రాజ్యములో ఎన్నో నిందలు ప్రచారములో ఉండెను. క్రైస్తవులు చీకటిలో కూడుదురనియు, నరమాంసము తిందురనియు చెప్పుకొనిరి. ప్రభురాత్రి భోజనమును గూర్చి బయటివారు చెవిని వేసికొన్న ముక్కలనుండి పుట్టిన వదంతి అది. క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియకు అధిపతిగానున్న ప్లినీ ఈ సంగతి తేల్చుకొనగోరి, విశ్వాసులనే విచారించి ట్రాజను చక్రవర్తికి జాబు వ్రాసెను. వారు తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును స్తుతింతురనియు, దొంగతనము, వ్యభిచారము చేయమని ఒట్టు పెట్టుకొందురనియు, వారి భోజనము సాధారణమైనదే, నిర్దోషమైనదే అనియు అతడు తెలిసికొనెను. ఒక్కసారి అడిగినంతనే అంత పెద్ద నింద రాలిపోయెను! అయితే అతడు ఇద్దరు పరిచారికలను హింసించి అడిగెను. కనుకనే సంగతి తెలిసినను, ఆ విశ్వాసము అతనికి మూఢభక్తిగానే కనబడెను. అడుగుట ఎంత అవసరమో, అడుగు తీరు కూడ అంత ముఖ్యమని దీనివలన నేర్చుకొనవచ్చును.

మన ఆంధ్రదేశములోను అట్టి నింద ఒకటి మన తాతలమీద పడెను. పల్లెలు పల్లెలుగా మాలలు, మాదిగలు క్రీస్తును అంగీకరించినప్పుడు, వీరు కూటికొరకు కలిసినవారని ఊరిలోని పెద్దలు అనిరి. దొరలలో కూడ కొందరు అట్లే తలంచిరి. కలిసినవారిని మాత్రము ఎవరును అడుగలేదు. తుదకు నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ పక్షమున జె. డబ్ల్యు. పికెట్ గారు దేశములో పలుచోట్ల, తెలుగు ప్రాంతములలోను, సుమారు 4 వేలమంది విశ్వాసులను మీరెందుకు క్రైస్తవులైతిరని అడిగించిరి. ఆ ఫలితములు 1933లో గ్రంథముగా వెలువడెను. లోకసంబంధమైన లాభము కొరకు వచ్చితిమని చెప్పినవారు పదింట ఒక వంతు కంటె తక్కువ. రక్షణ కొరకు, దేవుని తెలిసికొనుటకు వచ్చితిమన్నవారును, బంధువులు కలిసిరి గనుక మేమును కలిసితిమన్నవారును, పిల్లలకు గౌరవమైన బ్రతుకు కోరి వచ్చితిమన్నవారును అందులో నుండిరి. మనలను గూర్చి మనలనే అడిగినప్పుడు మనకు ఎంత న్యాయము జరిగెనో చూడుడి.

మరి మనము ఇతరులకు ఆ న్యాయము చేసితిమా? ఇక్కడ మనస్సాక్షితో మాటలాడవలెను. 1836లో బౌడెన్, బీర్ అను మిషనెరీలు ఈ దేశమునకు వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సువార్త ప్రకటించిరి. 1840 తరువాతి సంవత్సరములలో లూథరన్ మిషనెరీలు రాజమండ్రిలోను, 1874లో కెనడియన్ బాప్టిస్టులు కాకినాడలోను పని ప్రారంభించిరి. వారి త్యాగమునకు మనము ఎన్నటికిని ఋణస్థులము. అయితే ఆనాటి మిషను రిపోర్టులలో పొరుగువారి మతము తరచుగా చీకటి అను ఒక్క మాటతో ముగియును. ద్రాక్షారామమునకు పోవు భక్తుడు ఏమి కోరి పోవుచున్నాడో, అంతర్వేది తీర్థములో ముసలమ్మ ఏమని మ్రొక్కుచున్నదో ఆ కాగితములలో వెదకినను దొరకుట అరుదు.

అందరును అట్లు చేయలేదు. 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బల్గ్ తమిళ గ్రంథములను సేకరించి చదివెను. అంతటితో తృప్తిపడక, తన సహచరుడు గ్రుండ్లరుతో కలిసి తమిళులకు ప్రశ్నలు వ్రాసి పంపి, వారు వ్రాసిన 99 జాబులను జర్మను భాషలోనికి తర్జుమా చేసి పంపెను. 1713లో దక్షిణ దేశపు దేవతలను గూర్చి పెద్ద గ్రంథమే వ్రాసెను. హాలేలోని పెద్దలు దీనికి సంతోషింపలేదు. అన్యమతమును నిర్మూలము చేయుటకు పంపితిమి గాని దానిని యూరోపులో చాటుటకు కాదనిరి. ఆ గ్రంథము 1867లో గాని మద్రాసులో అచ్చు కాలేదు. నూటయేబది సంవత్సరములకు పైగా అది బీరువాలో నిద్రించెను.

మన గోదావరి ఎగువను దుమ్ముగూడెములో పనిచేసిన జాన్ కెయిన్ దొరగారు ఇదే త్రోవను నడిచిరి. కోయలను గూర్చి మైదానపు వారు చెప్పు మాటలు విని ఊరకుండక, కోయల మధ్యనే నివసించి, వారి భాషను, వారి పండుగలను, వారి మరణ సంస్కారములను తెలిసికొని 1876 మొదలుకొని 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వ్రాసిరి. 1909లో థర్‌స్టన్ గారు దక్షిణ దేశపు కులములను గూర్చి గ్రంథము ప్రకటించినప్పుడు కోయల విషయమున కెయిన్ గారి మాటలనే ఎక్కువగా ఉపయోగించుకొనిరి.

ఇక సి. పి. బ్రౌను గారిని తెలియని తెలుగువారు లేరు. 1798లో కలకత్తాలో జన్మించిన ఆయన తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ గురువు. బ్రౌను గారు మచిలీపట్నములోను, రాజమండ్రిలోను ఉద్యోగము చేసిరి. పండితులు చిన్నచూపు చూచిన వేమన పద్యములను సేకరించి 1829లో అచ్చు వేయించిరి. తరువాత జంగములను గూర్చి తెలిసికొనగోరినప్పుడు ఆయన ఎదుట రెండు త్రోవలుండెను. వారిని ఇష్టపడని వారిని అడుగుట ఒకటి. ఊరిలో అట్టివారికి కొదువ లేదు. జంగముల గ్రంథములనే తెప్పించి చదువుట రెండవది. ఆయన రెండవ త్రోవ పట్టి, బసవపురాణము మొదలైన వీరశైవ గ్రంథముల ఆధారముతో 1840లో మద్రాసు పత్రికలో వారి మతమును, ఆచారములను, వాఙ్మయమును గూర్చి వ్యాసము ప్రకటించిరి. దీనివలన ఆయన క్రైస్తవ విశ్వాసమునకు లోటు వచ్చినదని ఎవరును అనలేదు.

అటువైపు నుండి కూడ ఈ స్నేహము లేకపోలేదు. పిఠాపురములోని సూఫీ పీఠమునకు అధిపతియై 1945లో పరమపదించిన ఉమర్ ఆలీషా గారు మహమ్మదీయులు. ఆయన సంస్కృత వాఙ్మయమును, వేదాంతమును చదివి తెలుగులో కావ్యములు, నాటకములు వ్రాసిరి. చిలుకూరి నారాయణరావు గారు హిందువులు. ఆయన ఖురానును తెలుగులోనికి తెచ్చిరి. ఎదుటివాని గ్రంథమును తెరచి చదువుట మన తెలుగు దేశమునకు క్రొత్త కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. భక్తుడు తన మతములోని తప్పులు చెప్పుకొనునా? విమర్శకుడు లేనిచో వితంతువుల కన్నీరు, అంటరానితనము బయటపడునా? ఇది న్యాయమైన ప్రశ్నయే. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము గారు తన సమాజమును గట్టిగా విమర్శించిరి. అయితే ఆయన ఆ ఇండ్లలో పుట్టి పెరిగినవారు. ఆ శాస్త్రములను చదివి, వాటిలోనుండియే ఆధారములు చూపిరి. తెలిసి చేసిన విమర్శకు బలముండును. మరియొక సంగతి ఏమనగా, ఏ మతములోనైనను పెద్దలు చెప్పునది ఒకటి, వాకిట నిలువబడినవారు చెప్పునది ఒకటి. ఇద్దరిని అడుగవలెను. మన సంఘములలోని కులభేదమును గూర్చి ముందు వరుసలో కూర్చున్నవారిని మాత్రమే అడిగినచో మీకు సగము సంగతియే తెలియును గదా!

ప్రపంచ సంఘము కూడ ఈ పాఠమును మెల్లగా నేర్చుకొన్నది. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఇతర మతములలోని సత్యమును గౌరవింపవలెనని ప్రకటించెను. 1930లో లాహోరులో స్థాపింపబడి 1971లో మన హైదరాబాదుకు వచ్చిన హెన్రీ మార్టిన్ సంస్థ, ముస్లిములకు సువార్త చెప్పుటకు సిద్ధపరచు బడిగా ఆరంభమై, క్రమముగా మతముల మధ్య సమాధానము కొరకు పనిచేయు స్థలమాయెను.

ఇంతకును మమ్మును ఎక్కువగా బాధించు సంగతి వేరొకటి ఉన్నది. మన ముత్తాతలు, ముత్తవ్వలు బాప్తిస్మమునకు ముందు ఏ దేవతకు మ్రొక్కిరి, ఏ పాట పాడిరి, చచ్చినవారిని ఎట్లు సాగనంపిరి, ఏ భయముతో బ్రతికి ఏ ఆశతో క్రీస్తు నొద్దకు వచ్చిరి? ఇది మనకు చాల మట్టుకు రిపోర్టుల మూలముగానే తెలియును. వారి నోట విని వ్రాసికొన్నవారు బహు కొద్దిమంది. అడిగియుండవలసిన మనవలు అడుగలేదు; ఆ ముసలివారు నిద్రించిరి. మనము పోగొట్టుకొన్నది మన స్వంత చరిత్రనే. కనుక ప్రతి సంఘములోను మిగిలియున్న వృద్ధులయొద్ద కూర్చుండి, వారు తమ పెద్దలవలన విన్నదానిని ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెనని యౌవనస్థులను బ్రతిమాలుకొనుచున్నాము.

పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము కూడదను ఆజ్ఞ న్యాయస్థానమునకు మాత్రమే కాదు, ప్రసంగ పీఠమునకును, సండేస్కూలు బల్లకును వర్తించును. అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో నోరు తెరువకముందు వీధులు తిరిగి వారి బలిపీఠముమీది వ్రాతను చదివెను. నజరేతును గూర్చి నతనయేలు తేలికగా మాటలాడినప్పుడు, ఫిలిప్పు వాదము పెట్టుకొనక, వచ్చి చూడుమని పిలిచెను. మనలను గూర్చి ఇతరులు అట్లు వచ్చి చూడవలెనని మనము కోరుదుము. ఆ మర్యాదనే మనము మొదట వారికి చూపుదము. ప్రక్క ఇంటివారి పండుగనాడు వారి అరుగుమీద కూర్చుండి, ఇది ఏమండీ, మీకు దీని అర్థమేమండీ అని అడుగుదము.

రాబోవు నూరేండ్లలో మన సంఘములకు అడుగు నోటిని, విను చెవిని, సత్యము పలుకు నాలుకను ప్రభువు దయచేయును గాక. ఆమేన్.